ఘాటుకు ఆగనివాడు

2001 ఫిబ్రవరిలో గుంటూరు శివార్లలో, నరసరావుపేట రోడ్డు మీదున్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను ప్లాంట్ ఇంజనీరుగా చేరాను. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల ఫ్యాక్టరీల్లో పనిచేశాను కాబట్టి చల్లబరిచే యంత్రాలు నాకు కొత్త కాదు. కొత్తదల్లా మిరపకాయే. మొదటి రెండు నెలలూ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే తిరిగాను. ఇంజనీరును కాబట్టి ఎవరూ నా ఎదుట నవ్వలేదు.

ఎండిన కాయ కుళ్లదు కదా, దానికి కోల్డ్ స్టోరేజీ ఎందుకని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. కుళ్లదు నిజమే. కానీ మా ఎండలకు బయట ఉంచితే రంగు దిగిపోతుంది, మిర్చికి ధర పలికేది రంగును బట్టి. అందుకే రైతులు కాయను గోతాల్లో తొక్కి తెచ్చి మా దగ్గర పెట్టుకుని, ధర నచ్చినప్పుడు తీసుకుపోతారు. ఆ గోతాన్ని టిక్కీ అంటారు. వాటిని పేర్చే పెద్ద చల్లగదులు, అంటే ఛాంబర్లు, మాకు నాలుగుండేవి. ఛాంబర్లలోని గొట్టాల్లో అమ్మోనియా తిరుగుతూ చలి పుట్టిస్తుంది. ఆ గ్యాస్ బయటికి వస్తే మనిషికి కళ్లు, ఊపిరితిత్తులు పోతాయి. సరుకుకు రంగూ పోతుంది, వాసనా పడుతుంది. అమ్మోనియాలో ఉన్న మంచి గుణం ఒక్కటే, కొంచెం కారినా వాసనతో తన సంగతి తానే చెబుతుంది. మా పుస్తకాల్లో అలాగే రాసి ఉంటుంది, నేనూ అలాగే నమ్మాను.

నా కింద షిఫ్టుకొకరు చొప్పున ముగ్గురు ఆపరేటర్లు, ఒక్కొక్కరికీ ఒక హెల్పరు. అందరిలోకీ సీనియర్ కోటయ్య. కంప్రెసర్ చప్పుడు విని ఏ బేరింగు ఎప్పుడు పోతుందో చెప్పగల మనిషి. హెల్పరు చేయాల్సిన పని గంటకోసారి ఛాంబర్లన్నీ తిరిగి థర్మామీటర్లు, ప్రెషర్ గేజీలు చూసి, ఆ అంకెల్ని లాగ్‌బుక్‌లో రాయడం. ప్లాంటుకు లాగ్‌బుక్ ఆసుపత్రిలో రోగి మంచానికి తగిలించే చార్టు లాంటిది.

2002 మార్చిలో ఒక హెల్పరు మానేశాడు. ఆ ఏడు పత్తి దెబ్బతిని పల్లెల్లో పనులు లేవు. ఐటీఐ చదివిన కుర్రాళ్లు సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని గేటు దగ్గర బారులు తీరారు. ఒక్క ఉద్యోగానికి అంతమందిని వడబోయడానికి మా దగ్గర నా కన్నా ముందు నుంచీ ఒక పద్ధతి ఉంది, ఘాటు పరీక్ష. లోడింగు జరిగేటప్పుడు ఛాంబర్ల ముందున్న హాలులో అభ్యర్థిని అరగంట నిలబెడతారు. ఆ సమయంలో హాలంతా ఎర్రటి దుమ్ము లేస్తూ ఉంటుంది. తుమ్మకుండా, పొలమారకుండా నిలబడ్డవాడికి ‘ఆగాడు’, పారిపోయినవాడికి ‘ఆగలేదు’ అని రిజిస్టరులో రాస్తాం. అరగంట ఆగలేనివాడు ఏడాదంతా ఎలా పనిచేస్తాడన్నది మా లెక్క. ఏడాది క్రితం జేబురుమాలు చాటున తిరిగిన నేనే ఆ రిజిస్టరు పట్టుకుని కూర్చున్నాను. ఆ సంగతి నాకప్పుడు తట్టనే లేదు.

ఆ బారులో ఒక నేపాలీ ఉన్నాడు. ముప్పై దాటిన వయసు, పేరు దిల్ బహదూర్. మార్టూరులో గ్రానైటు ఫ్యాక్టరీకి కాపలా ఉన్న పినతండ్రి కొడుకును నమ్ముకుని వచ్చాడు. ఇతను దిగేసరికి ఆ తమ్ముడు పని వదిలేసి వెళ్లిపోయాడట. అక్కడి పాలిషింగు యూనిట్లలో అడిగాడు, పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో అడిగాడు, మిర్చి యార్డులో మూటలు మోస్తానన్నాడు. యార్డులో మోత పని ముఠాలది. ముఠాలో చోటు తండ్రి తరవాత కొడుకుకు వస్తుంది కానీ దారిన పోయేవాడికి రాదు. ఇక ఎక్కడికి వెళ్లినా అతని మొహం చూడగానే ‘గూర్ఖా పోస్టు ఖాళీ లేదు’ అనేవారట. నాకు కాపలా పని వద్దు, యంత్రాల పని కావాలి అని ఏ భాషలో చెప్పినా వినేవాళ్లు లేకపోయారు. నాకొచ్చిన కాస్త హిందీలో ఇదంతా నేను అడిగి తెలుసుకున్నది. వాళ్ల దేశంలో పాలు చల్లబరిచే కేంద్రంలో రెండేళ్లు యంత్రాల గదిలో పనిచేశానన్నాడు. భార్య, నాలుగేళ్ల కూతురు అక్కడే ఉన్నారు, స్థిరమైన పని దొరికితే తీసుకురావాలని.

హాలులో నాలుగు నిమిషాలు కూడా నిలబడలేదు. తుమ్ములు మొదలై, కళ్లు మూతపడి, తలుపు వెతుక్కుంటూ బయటపడ్డాడు. నేను ‘ఆగలేదు’ అని రాసేశాను. పంపు దగ్గర మొహం కడుక్కుని వచ్చి, వెళ్లిపోకుండా నా బల్ల ముందు నిలబడ్డాడు. లోపల మిరపకాయ ఒక్కటే కాదు, గ్యాస్ వాసన కూడా ఉంది, రెండో తలుపు వైపు నుంచి వస్తోంది అన్నాడు.

కోటయ్య పగలబడి నవ్వాడు. “ఏం గ్యాసండీ బాబూ! కాయ పడనోడు ఏదో ఒకటి చెప్తాడు. ఇరవయ్యేళ్లబట్టి దీంట్లోనే చస్తున్నా, నాకు తెలీదా?”

నాకూ ఏ వాసనా రాలేదు. కానీ పాల కేంద్రాల్లో వాడేదీ అమ్మోనియాయే కదా అని ఒక మూల అనుమానం తొలిచింది. లీకు పట్టడానికి మా దగ్గర గంధకం పూసిన వత్తులుండేవి. వత్తి వెలిగించి గొట్టాల వెంట నడుస్తూ పోతే, అమ్మోనియా కారుతున్న చోట తెల్లటి పొగ దట్టంగా లేస్తుంది. వారానికోసారి చేసే పని అది. ఆ రోజు వారం గడవకుండానే వెలిగించాను. రెండో నంబరు ఛాంబర్ వాల్వ్ దగ్గరికి రాగానే పొగ గుప్పున లేచింది. కోటయ్య వెళ్లి స్పానరు తెచ్చాడు.

గుడ్డిదెబ్బేమో తేల్చుకోవాలి. మర్నాడు అమ్మోనియా ద్రావణం తెప్పించి, ఏడు సీసాల నీళ్లలో చుక్క నుంచి పెంచుకుంటూ పోసి, మూతలు బిగించి వరసగా పెట్టాను. మొదటిదాంట్లో ఉత్త నీళ్లే. ఒక్కొక్కరినీ పిలిచి, వాసన తగిలిన చోట ఆగమన్నాను. దిల్ బహదూర్ రెండో సీసా దగ్గర ముఖం తిప్పుకున్నాడు. ఆఫీసులో కూర్చునే మేనేజరు రంగారావు గారు నాలుగోదాని దగ్గర ఆగారు. కోటయ్యకు అయిదోదాకా ఏమీ తెలియలేదు.

“నా ముక్కుకేం రోగం సార్? జలుబు చేసిందివాళ!” అన్నాడు కోటయ్య. జలుబు లేదు. నన్ను కూడా వాసన చూడమని పట్టుబట్టాడు. సీసాలు కలిపిన వాసన ఇంకా ముక్కులో ఉండగానే నన్ను నేను పరీక్షించుకోవడం పద్ధతి కాదని మరునాటికి వాయిదా వేశాను. నేను ఆగింది ఆరోదాని దగ్గర. అందరికన్నా అధ్వానం ఇంజనీరు ముక్కే. ఆ వారమంతా కోటయ్య ఎంత ఉత్సాహంగా పనిచేశాడో చెప్పలేను.

గుంటూరులో ఒక ముక్కు డాక్టరును అడిగాను. రోజూ ఉండే వాసనను ముక్కు లెక్కచేయడం మానేస్తుందన్నారు. మిరప ఘాటు కూడా మొద్దుబారుస్తుందా అంటే, ఉండొచ్చు, కచ్చితంగా చెప్పలేనన్నారు. నాకు మటుకు ఒకటి తెలిసింది. ఘాటుకు ఆగేవాళ్లనే ఏరేరి తీసుకుంటూ వచ్చాం కాబట్టి, చిన్న లీకు పసిగట్టలేని ముక్కులన్నీ మా దగ్గరే పోగయ్యాయి.

దిల్ బహదూర్‌ను తీసుకుందామంటే రంగారావు గారు ఒప్పుకోలేదు. మా వైపు ఉద్యోగానికి వచ్చినవాణ్ణి ముందు అడిగేది ఏ ఊరు, ఎవరి తాలూకు అని. “ఎవరి తాలూకండీ ఇతను? రేపు చెప్పాపెట్టకుండా పోతే ఎవర్ని పట్టుకోవాలి?” అన్నారు. పైగా వారి ఊరి అబ్బాయి ఒకడు ఘాటు పరీక్షలో రాయిలా నిలబడి నెగ్గి ఉన్నాడు. కోటయ్య కల్పించుకున్నాడు. “నా తాలూకని రాయండి. మీ ఊరి కుర్రోణ్ణి నేను ఓసారి చూశానండీ, నిలబడి నిద్రపోయే రకం.” నా గౌరవం కోసం చెప్పాడో, నిజంగా ఆ కుర్రాడు నచ్చకో నాకు ఇప్పటికీ తెలియదు. దిల్ బహదూర్‌ను ఏడాది పాటు తాత్కాలికం మీద తీసుకున్నారు. పని బాగుంటే ఖాయం చేసి, కాంపౌండులో ఒక గది ఇస్తామన్నారు. ఆ గది కోసమే అతను చూస్తున్నాడని అందరికీ తెలుసు. సెలవు రోజున దాని కిటికీలోంచి లోపలికి చూసి వెళ్లేవాడు.

తడి తువాలు మెడకు చుట్టుకుని, తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ పనిచేశాడు. ఆ సీజనులో ఎన్నోసార్లు మాకెవరికీ అందని వాసన అతనికి అందింది. ప్రతిసారీ వత్తి వెలిగిస్తే పొగ లేచేది. తెలుగు పట్టుబడింది, పచ్చిమిరపకాయ కొరుక్కుని అన్నం తినడం అలవాటైంది. మరుసటి ఏడు లోడింగు మొదలయ్యేసరికి తువాలు లేకుండా హాలులో తిరుగుతున్నాడు. “మనోడైపోయాడండీ,” అని కోటయ్య మురిసిపోయాడు. నాకూ సంతోషమే వేసింది. ఇంజనీరునై ఉండి కూడా ఆ మాటకు నేను ఉలిక్కిపడలేదు.

2003 ఏప్రిల్‌లో అతని ఖాయం కాగితం మేనేజరు బల్ల మీదికి చేరింది. ప్రత్యేక అర్హత అన్న చోట ‘అమ్మోనియా లీకులు ముందుగా పసిగట్టగలడు’ అని నేనే రాసి పంపాను. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అతను నా గదికి వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, “సార్, నా ముక్కు పోయింది,” అన్నాడు.

జరిగింది ఇది. పొద్దున రౌండుకు వెళ్లి వాసన లేదని రాశాడు. తరవాత వారపు తనిఖీకి తానే వత్తి పట్టుకుని వెళితే, మూడో ఛాంబర్ దగ్గర, పొద్దున తాను ఆగి చూసిన జాయింటులోనే పొగ లేచింది. పక్కన ఎవరూ లేరు. బోల్టు బిగించాడు. అక్కడితో ఊరుకుంటే ఈ సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు.

సీసాలు మళ్లీ పెట్టాను. రెండోదానికి ముఖం తిప్పుకున్న మనిషి అయిదోదాకా వచ్చి, నా వైపు చూశాడు. ఇంకా ముందుకు వెళ్లాలా అని అడిగాడు. నేను సీసాల మూతలు బిగించేశాను. చాలా బాధ వేసింది. కాగితం సంగతి అతనికి తెలుసు. అందులో ఏం రాశానో కూడా నేనే చెప్పి ఉన్నాను.

సాయంత్రం రంగారావు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాగితం మీద వేలు పెట్టి, “అర్హతే పోయిందంటున్నారు. మరి దేన్ని చూసి ఖాయం చేయమంటారు?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క రోజు గడువు అడిగి, ఆ ఏడాది లాగ్‌బుక్కులన్నీ ముందు వేసుకుని కూర్చున్నాను.

ఈ వృత్తిలో బయట చెప్పుకోని విషయం ఒకటుంది. లాగ్‌బుక్కుల్లో చాలా అంకెలు కుర్చీలో కూర్చుని రాసినవే. గంటగంటకూ చూసి రాసినవైతే సిరా మారుతుంది, గీత వణుకుతుంది, అంకె ఒకసారి ఎగిరి ఒకసారి పడుతుంది. కూర్చుని రాసినవి ఒకే వంపులో ముత్యాల్లా ఉంటాయి. అన్నేళ్లుగా నేను అవి ముత్యాలని తెలిసే సంతకాలు పెట్టాను. దిల్ బహదూర్ పేజీలు వికారంగా ఉన్నాయి. కొట్టివేతలు, చమురు మరకలు. పదకొండు చోట్ల అంకె లేదు, అడ్డగీత ఉంది. కోటయ్యను అడిగితే, “కరెంటు పోయి జనరేటరు కాడ ఉన్న గంటలండీ అవి. ఏదో ఒక అంకె వెయ్యరా అని తిట్టాను కూడా. చూడందే ఎట్టా రాస్తానంటాడు,” అన్నాడు.

పాత కాగితం చింపేసి కొత్తది రాశాను. ప్రత్యేక అర్హత అన్న చోట ‘చూడనిది చూసినట్టు రాయడు’ అని పెట్టాను. రంగారావు గారు చదివి సంతకం చేశారు. మే నెలలో దిల్ బహదూర్ భార్యాబిడ్డలతో ఆ గదిలో దిగాడు. తరవాతి ఖాళీకి నేను పాత రిజిస్టరు తీసి, ‘ఆగలేదు’ అని రాసిన పేర్లకు ఉత్తరాలు వేశాను. వాళ్లకు రౌండ్ల పని ఒక్క ఏడాదే అప్పగించాలని, ఆపైన ముక్కు మీద కాక వత్తి మీదే ఆధారపడాలని రాతపూర్వకంగా పెట్టాను. వత్తి తనిఖీ వారానికి కాకుండా రోజుకొకసారి చేశాం.

నేను నేర్చుకున్నది ఇంతే. పనికి కొత్తగా వచ్చిన మనిషికి, పాతవాళ్లకు అందనిది ఏదో అందుతూ ఉంటుంది. అది ఏడాదికి మించి నిలవదు కాబట్టి ఆలోపే అడిగి తెలుసుకోవాలి. అది పోయాక ఉద్యోగం ఇవ్వాల్సింది, పోయిందని వచ్చి చెప్పినవాడికి. మిగతా మా అందరికీ ముక్కు ఎప్పుడు పోయిందో తెలియదు. ఎవరమూ వెళ్లి ఎవరికీ చెప్పలేదు.