బిడ్డలను పంపండి

పత్రికలో చేరిన నాటి నుంచి నా వార్తల్లోని తప్పులకు సవరణలు వేయిస్తూనే ఉన్నాను. ఊరి పేరు మారితే సవరణ. బతికున్న మనిషిని పోయాడని రాస్తే సవరణ, దాంతోపాటు ఆయన ఇంటికి వెళ్లి ఆయన చేతి చాయ్ తాగి రావడం. ఒక్క తప్పుకు మాత్రం ఇప్పటికీ సవరణ వేయించలేదు. నాలుగు లైన్ల వార్త అది. తప్పు ఒక్క మాటలో ఉంది.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. వారంలో రెండు రోజులు బంద్, మిగిలిన రోజుల్లో ర్యాలీ. నేను జగిత్యాలలో యూనివర్సిటీ వారి పీజీ సెంటర్‌లో ఎమ్మే తెలుగు చదువుతూ, మా కోరుట్ల నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. నా పక్క బెంచీవాడిది సిరిసిల్ల. వాళ్ల నాన్న సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. సాంచెల చప్పుడులో పెరిగాడు కాబట్టి మావాడికి మెల్లగా మాట్లాడటం రాదు. రహస్యం చెప్పినా రెండు గదుల అవతలికి వినపడేది.

అలా వినపడ్డ రహస్యాల్లో ముఖ్యమైనది: వాడికి అధ్యక్షుడు కావాలని ఉంది. దేనికైనా సరే. అప్పటికే ఉన్న ఒక విద్యార్థి సంఘంలో రెండేళ్లు గోడలకు పోస్టర్లు అతికించాడు. పదవులు పంచిన రోజు మాత్రం వాడికి సహాయ కార్యదర్శి కూడా ఇవ్వలేదు.

"మనమే కొత్త సంఘం పెడుదాంరా," అన్నాడు ఒకరోజు. "అధ్యక్షుణ్ని నేనే."

"అధ్యక్షుడివై ఏం జేస్తవ్?"

"ముందుగాల కానియ్యి. అయినంక ఏం జెయ్యాల్నో అదే తెలుస్తది."

నిజానికి ఏం చేయాలో వాడికి అప్పటికే తెలుసు. బంద్‌ల వల్ల పాఠాలు నడవడం లేదు, పరీక్షలు మాత్రం ఏదో ఒకరోజు మీద పడతాయి. బంద్ రోజున సీనియర్లు జూనియర్లకు ఆవరణలోనే చెట్టు కింద పాఠం చెప్పాలన్నది వాడి ఆలోచన. "బంద్ బస్సులకురా, సదువుకు గాదు," అనేవాడు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. సంఘం పేరు విషయంలో మూడు రోజులు కొట్లాడుకున్నాం. 'సదువు సంఘం' అని వాడు, 'చదువు సంఘం' అని నేను. పేపర్‌లో పడాలంటే 'చ' ఉండాలని భయపెట్టి గెలిచాను.

ప్రిన్సిపాల్ సారు మా దరఖాస్తును అటూ ఇటూ తిప్పి చూశారు.

"యాబై మంది గావాలె. ఈడ చదివేటోళ్లే గావాలె. ఒక్కొక్కరికి ఫోటో, ఇంటి అడ్రసుకు జిరాక్సు. నా కండ్ల ముంగటనే సంతకం పెట్టాలె. శనివారం నాలుగు గంటలకు రిజిస్టరు మూస్తున్న. మళ్ల వచ్చే ఏడాదే."

"కండ్ల ముంగటనే ఎందుకు సార్?"

"పోయినసారి ఒగలు యాబై సంతకాలు తెచ్చిండ్రు. చూస్తే యాబై మందికీ ఒక్కటే చెయ్యి ఉన్నది."

అది బుధవారం. హాస్టల్ ఖాళీ. విద్యార్థులంతా వెల్గటూర్, కొడిమ్యాల, ముత్యంపేట అంటూ ఎవరి ఊళ్లో వాళ్లున్నారు. అందరి ఫోన్ నంబర్లు మా దగ్గర లేవు. "వార్త నాకు వదిలెయ్యి," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా కాలర్ నేనే సర్దుకున్నట్టు గుర్తు.

శుక్రవారం జిల్లా పేజీలో వార్త వచ్చింది. జగిత్యాల పీజీ సెంటర్‌లో శనివారం కొత్త సంఘం ఏర్పాటవుతోందని, సెంటర్‌లో చదువుతున్న తెలంగాణ బిడ్డలంతా ఉదయం పదింటికి తరలిరావాలని, తల్లిదండ్రులు తమ బిడ్డలను తప్పక పంపాలని నిర్వాహకులు కోరినట్టు రాశాను. 'బిడ్డలను పంపండి' అనే శీర్షిక కూడా నాదే. డెస్కువాళ్లు ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఆ రోజుల్లో ఏ వేదిక ఎక్కినా ప్రతివాడూ తెలంగాణ బిడ్డే. డెబ్బై ఏళ్ల మనిషి కూడా మైకు పట్టుకుంటే బిడ్డ అయిపోయేవాడు. 'విద్యార్థులు' అని రాస్తే వార్తకు ప్రాణం రాదనిపించింది.

ఆ ఉదయం మా అమ్మ బీడీలు చుడుతోంది. ఎదురుగా కూర్చుని వార్త చదివి వినిపించాను, నేనే రాశానని చెప్పకుండా. మెచ్చుకుంటే అప్పుడు చెబుదామని.

"ఆడివిల్లలకు సంఘం పెడుతున్నరా కొడుకా? మంచిగనే ఉన్నది," అంది.

"ఆడపిల్లలదేందే! అందరిదీ."

"అందరిదైతే బిడ్డలను తోలుమని ఎందుకు రాసిండ్రు? కొడుకులను వద్దన్నట్టే గద." తునికాకు చివర మడుస్తూ ఇంకో మాట కలిపింది. "ఎవడు రాసిండో గని, తెలివిగల్లోడే."

పేపర్ మడిచి పక్కన పెట్టాను. మా దిక్కు బిడ్డ అంటే కూతురు. కొడుకును కొడుకే అంటారు. "మీకు ఎంతమంది?" అని అడిగితే "ఒక కొడుకు, ఇద్దరు బిడ్డలు" అని చెప్పే నేల మీద పుట్టి, వేదికల మీద విన్న మాటను తీసుకెళ్లి ఇంటింటికీ పంచాను. వేదిక మీది బిడ్డ వేరు, ఇంట్లో బిడ్డ వేరు. పేపర్ చదివేది ఇంట్లో.

వెంటనే సిరిసిల్లకు ఫోన్ చేశాను.

"చూసినవా?"

"చూసిన. నీకు దండం," అన్నాడు వాడు. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నా వినపడుతోంది. "పోతాన్న నాయినా అంటే, మా నాయిన ఏమన్నడు ఎర్కేనా? నీకేం పనిరా ఆడ, ఆడివిల్లలను తోలుమంటే, అన్నడు."

"మరి ఎట్ల?"

"ఎట్లయితే గట్లయితది. బ్యానర్ రాసిన. రంగు డబ్బ గూడ పట్టుకొని వస్తున్న."

శనివారం పొద్దున్నే వాడు బస్సు దిగాడు. తెల్లచొక్కా, దానికి ఇస్త్రీ, చంకలో బ్యానర్. వాళ్ల నాన్న నేసిన తెల్లబట్ట మీద నీలిరంగుతో తనే రాశాడు. పైన పెద్దగా 'చదువు సంఘం'. కింద కుడి మూలన 'అధ్యక్షుడు'. ఆ మాట కింద కొంచెం ఖాళీ. "ఎన్నిక కాకముందే పేరు రాసుకునుడు పద్ధతి గాదు," అన్నాడు చాలా పెద్దమనిషిలాగా. ఆ ఖాళీ వాడి పేరుకు ఎన్ని అక్షరాలో సరిగ్గా అంతే ఉంది. బ్యానర్‌ను ఆఫీసు గోడకు కట్టాం.

పదింటికి మగపిల్లలం ఎనిమిదిమందిమి. ముత్యంపేట వాళ్లకు ఫోన్ చేస్తే, "పేపర్ల మమ్ముల పిలువలే గదనే, క్రికెట్ ఆడుతున్నం," అన్నారు. వెనక నుంచి ఎవరో అవుటయ్యాడన్న కేకలు.

పదిన్నరకు మొదటి ఆటో వచ్చింది. అందులోంచి ఏడుగురు ఆడపిల్లలు, ఇద్దరు తల్లులు దిగారు. ఆ వెనక ఇంకో ఆటో. ఆ తర్వాత బస్సు. రెండేళ్లుగా తలవంచుకుని క్లాసుకు వచ్చి తలవంచుకుని వెళ్లిన అమ్మాయిలు తలెత్తుకుని గేటులోంచి వస్తున్నారు. చేతిలో ప్లాస్టిక్ కవరు లేని మనిషి లేదు. ఎందుకో కాసేపటికి అర్థమైంది. మా ఊళ్లలో సంఘం అంటే మొదట మహిళా సంఘమే. దాని మీటింగుకు వెళ్లాలంటే రెండు ఫోటోలు, రేషన్ కార్డు జిరాక్సు ఉండాలి. కొత్త సంఘం అనగానే తల్లులు ఎవరూ చెప్పకుండానే కూతుళ్ల కవర్లలో అవి పెట్టి పంపారు.

మావాడు పెదవులు కదుపుతూ లెక్క పెడుతున్నాడు. "ముప్పై తొమ్మిది... కాదు, నలబై నాలుగు... ఆగు, ఆమె అమ్మ."

"నలబై మూడు," అంది వెనక నుంచి ఒకామె. "మీరు ఎనమండ్రు. మొత్తం యాబై ఒకటి."

వెల్గటూర్ అమ్మాయి. ఎమ్మెస్సీ లెక్కలు. ఆమె గొంతు వినడం నాకు అదే మొదటిసారి. యాభై ఒకటి అనగానే మావాడు నన్ను ఎత్తి తిప్పాడు. చొక్కా ఇస్త్రీ అక్కడే పోయింది. ఆ అమ్మాయి మాత్రం బ్యానర్ ముందు నిలబడి, ఒక్కొక్క అక్షరాన్నీ నింపాదిగా చదువుతోంది.

"అన్నా, గిది ఎవలు రాసిండ్రు?"

"నేనే అక్కా."

"రాత మంచిగున్నది. గని గీ 'డు' ఎక్కడికెల్లి వచ్చింది? పేపర్ల బిడ్డలను రమ్మన్నరు, బ్యానర్ల కొడుకును కూసుండవెట్టిండ్రు."

నలభై ముగ్గురూ ఒక్కసారే నవ్వారు. తల్లులకు ఒక క్షణం ఆలస్యంగా అర్థమై మళ్లీ మొదటినుంచి నవ్వారు.

"అంటే... రాసుడు గట్లనే రాస్తరక్కా," అన్నాడు మావాడు.

"గట్లనా? మరి సంతకాలు పెట్టుడు గూడ మేం గట్లనే పెడ్తం," అని ఆమె జిరాక్సు కాగితాన్ని తిరిగి కవర్లో పెట్టుకుంది. ఆమెను చూసి పక్కామె, పక్కామెను చూసి మిగతావాళ్లు. నలభై మూడు ప్లాస్టిక్ కవర్లు ఒకేసారి మూసుకుంటే వచ్చే చప్పుడు నేను ఇంకెప్పుడూ వినలేదు.

"మా బిడ్డ లీడరు గాకుంటే ఎందుకు పిలిచిండ్రు మమ్ముల?" అంది ఒక తల్లి. "అవతల నాట్లున్నయి. నడువుండ్రే, పోదాం."

కిటికీలోంచి ప్రిన్సిపాల్ సారు తల బయటపెట్టారు. "ఒంటిగంట దాటింది. నాలుగింటికి నేను లేస్త."

వాడు నన్ను చెట్టు వెనక్కి లాక్కెళ్లాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"రెండేండ్లు పోస్టర్లు అతికిచ్చినరా. చేతుల మైదపిండి వాసన ఇంక పోలే. ఒక్కసారన్న ఎవలన్న అధ్యక్షుడా అని పిలుస్తరనుకున్న."

"పేపర్‌ల సవరణ వేయిస్తరా."

"సవరణ రేపు పొద్దుగాల వస్తది. రిజిస్టరు నాలుగింటికి మూస్తరు."

వాడు చొక్కా దులుపుకుని, వెల్గటూర్ అమ్మాయి దగ్గరికి నడిచాడు. నేను వెనకే వెళ్లాను.

"ఒక్కటే అడుగుత అక్కా. బంద్ రోజు పాఠాలు చెప్పిస్తవా?"

"చెప్పిచ్చుడేంది, నేనే చెప్త. ఎమ్మే తెలుగోళ్లకు గూడ చెప్త లెక్కలు. ఇందాక సూసిన గద, నువ్వు లెక్కవెట్టుడు."

ముందు నవ్వింది వాడే. అందరికంటే గట్టిగా. సాంచెల చప్పుడు మీద నుంచి వినపడే నవ్వు అది. తర్వాత నా వైపు తిరిగి, "బ్రష్ తే," అన్నాడు.

బట్ట అంచు నుంచి చిన్న తెల్ల ముక్క కత్తిరించాడు. ఒక తల్లి హాస్టల్ వంటింట్లోకి వెళ్లి, అడిగి మైదపిండి తెచ్చి ఉడికించింది. రెండేళ్లు పోస్టర్లు అతికించిన చేతులు కదా, 'డు' మీద ఆ ముక్కను ముడత లేకుండా అతికించాడు. దాని మీద 'రా' రాశాడు. చక్కగా పట్టింది. 'లు' రాద్దామని బ్రష్ ఎత్తి ఆగిపోయాడు. బట్ట అయిపోయింది. ఒక్క క్షణం ఆలోచించి, 'రా' పక్కనే గోడ మీద 'లు' రాసేశాడు.

"గోడ యూనివర్సిటీదయ్యా!" అని సారు కిటికీలోంచి అరిచారు.

"లు ఒక్కటే సార్. మిగతాదంత మాదే," అన్నాడు వాడు.

సంతకాలు మొదలయ్యాయి. అమ్మాయిలవి అరగంటలో ముగిశాయి. అప్పుడు తెలిసింది, మా ఎనిమిదిమందిలో ఒక్కరి దగ్గరా ఫోటో లేదు, జిరాక్సు లేదు. నలభై మూడు సరిపోవు, యాభై కావాలి. జగిత్యాల బజారులో ఎనిమిదిమంది ఒకరి వెనక ఒకరు ఉరకడం చూసి దుకాణాలవాళ్లు మళ్లీ బంద్ అనుకుని సగం షట్టర్లు దించారు. బంద్ కాదు అన్నా, ఉరుకుతూ చెబితే ఎవరు నమ్ముతారు? బస్ పాసులకు జిరాక్సులు తీయించి, ఫోటోలు దిగి, ఇంకా ఆరని ఫోటోలను ఊపుకుంటూ మూడూ నలభైకి గేటులో పడ్డాం. ఫోటోల్లో ఎనిమిదిమందిమీ రొప్పుతూనే ఉన్నాం.

సారు రిజిస్టరును మొదటి నుంచి చివరి దాకా చూశారు. "ఈసారి యాబై ఒక్క సంతకాలు, యాబై ఒక్క చేతులు," అని ముద్ర వేశారు. వెల్గటూర్ అమ్మాయి అధ్యక్షురాలైంది. మావాణ్ని ఉపాధ్యక్షుడిగా ఉండమని ఆమే అడిగింది. "ఇక నాకు డు వద్దక్కా," అని బ్యానర్ మోసే పని తీసుకున్నాడు.

బంద్ రోజుల పాఠాలు జగిత్యాలలో మొదలై కోరుట్లకు, అక్కణ్నుంచి సిరిసిల్లకు పాకాయి. బ్యానర్ ఎక్కడికి వెళ్లినా 'లు' మాత్రం జగిత్యాల గోడ మీదే ఉండిపోయింది. గోడకు సున్నం వేసినా మళ్లీ నీలంగా తేలింది. అందుకని మిగతా ఊళ్లలో జనం చదివింది 'అధ్యక్షురా' అని. కోరుట్లలో మా అమ్మ కూడా అలాగే చదివి, "గంత పెద్ద పదవికి 'రా' ఏందిరా?" అని అడిగింది.

సిరిసిల్లలో పాఠం చూడటానికి మావాడి నాన్న పనిలోంచి నేరుగా వచ్చాడు. జుట్టులో దూది. తను నేసిన బట్టను ముందు చేత్తో తడిమి, తర్వాత కూడబలుక్కుంటూ చదివాడు.

"అధ్యక్షు... రా." కొడుకు వైపు తిరిగాడు. "అధ్యక్షురా అంటున్నరు. నిన్నేనారా?"

మావాడు నోరు తెరిచేలోపు, బోర్డు దగ్గర లెక్క చేస్తున్న వెల్గటూర్ అమ్మాయి చాక్‌పీసు దించకుండానే వెనక్కి తిరిగింది.

"అవు కాకా, ఆయిననే."