వచ్చే వర్షన్‌లో అమ్మ రాత

నా చిన్నప్పుడు మెదక్‌లో కంప్యూటర్ మీద తెలుగు కొట్టే దుకాణాలు ఒకటో రెండో ఉండేవి. వాటిలో ఒకటి మా చిన్నమ్మది. అమ్మ పోయాక నన్ను మా ఊరు రేగోడ్ నుంచి తన దగ్గరికి తెచ్చుకున్నది ఆమే. బడి వదలగానే నేను నేరుగా దుకాణానికే వచ్చి, ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని.

చిన్నమ్మ పెళ్లి కార్డులు, కరపత్రాలు కొట్టే ఆ తెలుగు ప్రోగ్రాంను హైదరాబాద్‌లో ఒకే ఒక్క మనిషి, తన ఇంట్లో కూర్చుని తయారు చేశారు. అందులో ఉన్నవి మూడే రకాల అక్షరాలు, అంటే మూడే ఫాంట్లు. వాడేవాళ్ళూ కొద్దిమందే. ఒకరోజు ఆ సారే ఫ్లాపీల డబ్బా పట్టుకుని మా దుకాణానికి వచ్చారు.

"అక్కా, వచ్చే వర్షన్ల ఏమేం కావాల్నో చెప్పుండ్రి, రాసుకుంట" అన్నారు.

చిన్నమ్మ చాలా చెప్పింది. ఒత్తులు కింది వరుసకు తగులుతున్నాయన్నది. తెర మీద కనిపించిన సున్న ప్రింటులో మాయమవుతున్నదన్నది. ఆయన విసుక్కోకుండా అన్నీ డైరీలో రాసుకుంటుంటే నాకూ ధైర్యం వచ్చింది.

"సార్, దాంట్ల మా అమ్మ రాత గూడ పెట్టొస్తదా?" అని అడిగాను.

ఆయన రాయడం ఆపేశారు. చిన్నమ్మ తల పక్కకు తిప్పుకుంది. అమ్మ చేత్తో రాసిన అక్షరాలు ఒక్కటీ తప్పకుండా దొరికితే పెట్టవచ్చునని ఆయన మెల్లగా చెప్పారు. తర్వాత ఇద్దరూ బయట నిలబడి చాయ్ తాగుతూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ మాటలు నాకు వినపడలేదు.

ఆ ఆదివారం చిన్నమ్మ బీరువాలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు పెట్టింది. నిండా ఇన్‌లాండ్ ఉత్తరాలు. అమ్మ రేగోడ్ నుంచి తన చెల్లెలికి రాసినవి. అలాంటివి ఉన్నాయని కూడా అప్పటిదాకా నాకు తెలియదు.

"ఈ ఉత్తరాలకెంచి ఒక్కో అక్షరం ఏరు బిడ్డ. పల్చటి కాయితం మీదేసి దిద్దు. తొందరేం లేదు" అన్నది.

దాదాపు నెల పట్టింది. 'ఘ' కోసం వెతుకుతుంటే ఈసారి మామిడికాయ తొక్కు జర ఘాటైందన్న కబురు దొరికింది. 'ళ' కోసం వెతికితే, "దీని కళ్ళు అచ్చం నీ కళ్ళే" అని నా గురించి రాసిన మాట. 'ఛ' చివరి ఉత్తరంలో ఉంది. ఛాతీలో నొస్తున్నదనీ, ఎవరికీ చెప్పొద్దనీ. ఆ రోజు ఇక దిద్దలేకపోయాను. చిన్నమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

'ఝ', 'ఢ' ఎంత వెతికినా దొరకలేదు. మీ ఇద్దరి రాత ఒక్క తీరే కదా, నువ్వే రాసివ్వమని చిన్నమ్మను బతిమాలాను.

"మీ అమ్మకు గా అక్షరాలతోని పని పడలే బిడ్డ. ఉండనియ్యి ఖాళీగ" అన్నది.

కాగితాలన్నీ కవర్లో పెట్టి హైదరాబాద్‌కు పంపించాం. కొత్త వర్షన్ కోసం ఎన్నాళ్ళు చూశానో. పోస్టుమాన్ దుకాణం ముందు ఆగితే చాలు, ఎదురుపోయేదాన్ని. అది రానే లేదు. కొన్నాళ్ళకు చిన్నమ్మ వేరే ప్రోగ్రాంకు మారింది.

ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకసారి అడిగాను, ఆయన ఎందుకు చేయలేదని.

"ఇగ చెయ్యనని గా దినమే బయట చాయ్ తాగుకుంట చెప్పిండు. అడిగి రాసుకునుడైతే రాసుకున్నడు గాని, ఒక్కడు ఎన్ని దినాలు జేస్తడు పాపం."

"మరి నాతోని గంత కష్టం ఎందుకు చేయించినవ్?"

"గా ఉత్తరాలు నీ చేతికి ఎట్లియ్యాల్నో నాకు తెలువలే. ఒక్కపారే అన్నీ సదివితే ఓర్చుకుంటవో లేదో అనిపించింది" అన్నది.

ఇప్పుడు చిన్నమ్మ కూడా లేదు. ఫోన్లో ఎన్ని రకాల తెలుగు అక్షరాలు కావాలంటే అన్ని ఉన్నాయి. నాకు మాత్రం అమ్మ మీద బెంగ పుడితే ఏదో ఒక అక్షరం తలుచుకుని ఆ ఉత్తరాల్లో వెతకడం మొదలుపెడతాను. అది దొరికేలోపే అమ్మ నాతో ఏదో ఒకటి మాట్లాడుతుంది.