సమ్మె రోజు తెగని నామం

మొసలి నోట చిక్కిన ఏనుగు పిలిస్తే పలికిన శ్రీహరికి జయం. పిలిచేది ఏ నోరైనా, ఏ చోటైనా, ఆ పిలుపులో తన పేరుంటే చాలనుకునే స్వామికి కోటి నమస్కారాలు. ఆయనను తలచుకోనిదే ఈ ముచ్చట మొదలుపెట్టలేను.

మా పిన్ని కూతురికి కాన్పు కష్టమైంది. తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరితే రామమందిరంలో ఏకాహం చేయిస్తానని పిన్ని మొక్కుకుంది. ఇద్దరూ క్షేమంగా వచ్చారు. మార్కాపురంలో మా మందిరం బస్టాండు వెనక వీధిలోనే ఉంది. ఏకాహమంటే ఒక పొద్దున దీపం వెలిగించి రామనామం మొదలుపెడితే మర్నాటి పొద్దుటిదాకా అది తెగకూడదు. ఒక జట్టు అలసేలోగా ఇంకో జట్టు వచ్చి, గొంతులో గొంతు కలిపాకే ముందువాళ్లు లేవాలి. మధ్యలో తెగిందా, మొక్కు చెల్లనట్టే.

మా ఆడవాళ్లది పొద్దుటి జట్టు. మధ్యాహ్నానికి గిద్దలూరు వైపు నుంచి భజనవాళ్లు బస్సులో రావాలి. తెల్లవారుజాము నుంచే బస్సుల సమ్మె అని దీపం వెలిగించాక తెలిసింది. ఇక వాయిదా లేదు. వాళ్ల గురువు ఫోను చేసి, “ఏదో ఒక బండి చూసుకోని వస్తాం తల్లీ. అంతవరకు నిలబెట్టండి” అన్నాడు.

మధ్యాహ్నం దాటింది. నా పక్కామెకు గొంతు పోయి పెదవులే కదులుతున్నాయి. బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బాలింత కూడా పాడడం మొదలుపెట్టింది. అది చూసి పిన్ని లేచి, బస్టాండు ముందున్న సమ్మె టెంటు వైపు నడిచింది. గొడవ పెట్టుకుంటుందేమోనని వాయిస్తున్న తాళాలు పక్కామెకిచ్చి నేను వెంటపడ్డాను.

“ఏం నాయనా, బస్సులు ఆపినారు సరే. రామనామం గూడ ఆపుతారా?” అంది పిన్ని, ముందు వరసలో ఉన్న కండక్టరుతో.

“మా జీతాల బాధ మాది పెద్దమ్మా. మీ భజన మేమెందుకు ఆపుతాం?”

“పాడేటోళ్లు మీ బస్సులోనే గదా రావాల్సింది. వాళ్లు రాకపాయె. నువ్వు లేసి రా.”

“నాకు పాడేది రాదు.”

“రోజూ కంభం బస్సు కాడ నిలబడి కంభం కంభం అని ఊరంతా వినపడేట్టు అరుస్తావే. ఆ గొంతుతోనే రాముణ్ణి పిలువు.”

టెంటంతా నవ్వింది. వెనక నుంచి ఒక డ్రైవరు, “పాండి పోదాం. ఈడ చేసేది గూడ కేకలేసేదే గదా” అన్నాడు. సగం టెంటు లేచింది.

కాళ్లు కడుక్కుని వచ్చి మా వెనక కూర్చున్నారు. శ్రుతి మాట అడక్కండి. నినాదాలిచ్చి ఉన్నారేమో, లయ మాత్రం బాగా కుదిరింది. ఊపు పెంచాల్సిన చోట కండక్టరు అలవాటుకొద్దీ “హరే హరే, రైట్ రైట్” అన్నాడు. వెనకవాళ్లూ అదే అందుకున్నారు. నవ్వాపుకోలేక నేను తాళం తప్పాను. నామం తప్పలేదు. పిన్ని కోపంగా చూడబోయి తనూ నవ్వేసి, “పోనీలే, బండి కదిలింది” అంది.

కీర్తనం కూడా భక్తేనని పురాణంలో ఎన్నోసార్లు విన్నాను, పదిమందికి చెప్పాను. అది ఇంత సందడిగా ఉంటుందని ఆ రోజే చూశాను.

పొద్దుగూకే వేళకు గిద్దలూరు జట్టు గొర్రెల లారీలోంచి హార్మోనియంతో సహా దిగింది. పంచెల నిండా గొర్రెల వాసన. వాళ్లు గొంతు కలిపాక కూడా కండక్టరు లేవలేదు.

“మేం వచ్చినాం గదా, ఇంక లెయ్యి నాయనా” అన్నాడు గురువు.

“నా డ్యూటీ దిగే టయిం కాలేదు సామీ.”

మర్నాడు పొద్దున పిన్ని కొబ్బరికాయ కొట్టింది. బిడ్డ నుదుట కుంకుమ పెట్టి, ఆ కండక్టరు చేతికే మొదటి ప్రసాదం ఇచ్చింది.

ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం నాతో చేతులు జోడించండి. రామా, రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డవాళ్లను వాళ్ల ఊళ్లకు చేర్చు. ఆ బస్సు నడిపేవాళ్ల ఇళ్లలో పొయ్యి ఆరనీయకు. పుట్టిన బిడ్డలను చల్లగా చూడు.