ఏడాది ఎనిమిది నెలలు

కుసుమమ్మకి మోకాళ్లు పోయి నాలుగేళ్లయింది. పూర్తి పేరు కుసుమకుమారి, చీపురుపల్లి ఆడపడుచు, ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రభుత్వ నర్సు. భోగాపురం దాటి సముద్రం ఒడ్డున ఉన్న పేటలో మా ఉపకేంద్రం. రెండు గదులు, ఒక బల్ల, ఉప్పుగాలికి తుప్పు పట్టిన బీరువా, అంతే. మూడేళ్ల కిందట నేను, అంటే ఝాన్సీని, ఆవిడ కింద పనిలో చేరాను. నర్సింగు చదువులో పిల్లల పెరుగుదల పరీక్షలో కాలేజీకంతటికీ ఫస్టొచ్చినదాన్ని. ఆ పొగరు వారం రోజుల్లో దిగిపోయింది.

పుట్టినప్పటి బరువు అయిదో నెలకి రెట్టింపవుతుంది, ఏడాదికి మూడింతలవుతుంది అని నేను వల్లిస్తుంటే కుసుమమ్మ బిడ్డని చేతుల్లోకి తీసుకుని "నాలుగు కేజీల ఆరొందలు" అనేది. తూకం వేస్తే యాభై గ్రాములు అటూ ఇటూ. మెడ నిలిపాడా అని తల్లిని అడిగి రాసుకునే రకం కాదు. బిడ్డని బోర్లా పడుకోబెట్టి, తల ఎత్తేదాకా కూర్చునేది. ఆ కూర్చోవడంలోనే మోకాళ్లు పోయాయి. ఇదంతా పదమూడు రిజిస్టర్లలో రాయాలి, అదే మళ్లీ ఫోనులో ఎక్కించాలి, ఫోనులో ఎక్కకపోతే మళ్లీ కాగితం మీద రాసి పంపాలి. నాకు ఒళ్లు మండిపోయేది. నాకు తిట్టే ఓపిక కూడా అయిపోనాది పిల్లా, నువ్వు తిట్టుకో, అనేది ఆవిడ.

ఈ జూన్‌లో పాత రిజిస్టర్లన్నీ కంప్యూటరుకి ఎక్కించమని కొత్త ఉత్తర్వు వచ్చింది. పని నా నెత్తిన పడింది. పురుగులు తిన్న కాగితాలు తిప్పుతూ ఉంటే ఒకచోట గురమ్మ కూతురు నీలవేణి పుట్టుక కనిపించింది. ఇంటి దగ్గరే కాన్పు, రెండు కేజీల మూడొందలు, వెంటనే ఏడ్చింది. కుసుమమ్మ గుండ్రటి దస్తూరీ. తేదీ చూసి లెక్క వేశాను. ఇప్పటికి పదహారేళ్ల నాలుగు నెలలు.

గురమ్మ తలమీద గంపతో చేపలు అమ్ముకునే మనిషి. మొగుడు గంగులు ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. నీలవేణికి మొన్ననే పద్దెనిమిది నిండాయని, గురువారం మేనమామ కొడుకుతో పెళ్లని, నేను ఈ రాత చూడ్డానికి ముందురోజే గురమ్మ వచ్చి మమ్మల్ని పిలిచి వెళ్లింది. ఆధార్ కార్డులోనూ పద్దెనిమిదే. ఆధార్‌లో తప్పు దొర్లింది, దొరికిపోయింది, పెళ్లి ఆపేయొచ్చు అని సంబరపడుతూ రిజిస్టరు తీసుకెళ్లి కుసుమమ్మ ముందు పెట్టాను.

ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఇది నిజమే పిల్లా. ఆధార్‌లో తేదీయే అబద్ధం. అది రాసింది కూడా నానే."

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. నీలవేణికి మూడేళ్లప్పుడు చూసుకునే నాయనమ్మ పోయింది. తండ్రి గుజరాత్‌లో ఉన్నాడు. పేటలో అంగన్‌వాడీ ఆ ఏడాదంతా మూతపడి ఉంది. గురమ్మ తెల్లారకుండానే విజయనగరం బజారుకి పోవాలి. పిల్లని చీరచెంగుతో మంచం కోడుకి కట్టి పోయేది. ఒకరోజు ముడి ఊడింది. పిల్ల కెరటాల్లోకి నడిచి వెళ్లిపోతుంటే వల ఆరబెట్టుకుంటున్న ముసలాయన చూసి లాక్కొచ్చాడు. బడిలో వేస్తే తలుపుకి గడియ ఉంటుంది, మధ్యాహ్నం అన్నం పెడతారు. కాని అయిదు నిండినట్టు కాగితం కావాలన్నాడు బడి పెద్ద. గురమ్మ వచ్చి కుసుమమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు. పుట్టుక పంచాయతీలో రాయించుకోలేదు, నర్సమ్మ రాసిందే రాత. కుసుమమ్మ అర ఠావు మీద పుట్టిన తేదీని ఏడాది ఎనిమిది నెలలు వెనక్కి జరిపి, సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చింది. తర్వాత బడి రికార్డు చూసే ఆధార్‌లోనూ ఆ తేదీ ఎక్కింది.

"ఆ రోజుకి ఆ గుంట బతికుంటే సాలనుకున్నాను," అంది.

పిల్ల బతికింది. కాని మూడేళ్ల పిల్ల పలక మీద సున్నా చుట్టగలదు, నలుచదరం గియ్యాలంటే ఇంకా ఏడాది పైన పడుతుంది. అలాంటిదాన్ని తీసుకెళ్లి గుణింతాల ముందు కూర్చోబెట్టారు. పదింటికల్లా బెంచీ మీదే నిద్రపోయేది, లాగులో పోసేసుకునేది. రెండో తరగతిలో తీసివేతలు రాలేదు. అప్పుడే మొద్దు అన్న పేరు పడింది, ఆ పేరుతోనే తరగతులు మారింది. బడికి ఆరోగ్య పరీక్షలకి వచ్చినవాళ్లు ఏటా ఎత్తు కొలిచి, వయసుకి తగ్గ ఎదుగుదల లేదని కార్డులో ఎర్ర సిరాతో రాశారు. వాళ్లకి టేపు పట్టుకున్నది కుసుమమ్మే. నులిపురుగుల మాత్రలన్నారు, టానిక్కులన్నారు, అన్నీ మింగించారు. పదిహేనేళ్లొస్తున్నా పెద్దమనిషి కాలేదని గురమ్మ విజయనగరంలో స్కానింగులు తీయించింది, పైడితల్లమ్మకి మొక్కుకుంది. అసలు లెక్కన పిల్లకి పదమూడే. ఆ తర్వాత నెలలోనే అయింది, మొక్కు ఫలించిందన్నారు. పదో తరగతి లెక్కల్లో తప్పింది, మళ్లీ కట్టి మళ్లీ తప్పింది. ఇప్పుడు షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది. చదువు ఎక్కని పిల్లకి పెళ్లయినా చేస్తే ఒక గట్టున పడుతుందని గురమ్మ ఆలోచన.

నిరుడు ఐరన్ మాత్రలు ఎలా వేసుకోవాలో నేను రెండుసార్లు చెప్పినా నీలవేణికి అర్థం కాలేదు. నాకు బుర్ర తక్కువ సిస్టరమ్మా, రాసిచ్చీండి, అంది నవ్వుతూ. నేనూ అవుననుకున్నాను. కాలేజీ ఫస్టుని, సిగ్గులేకుండా అవుననుకున్నాను.

కుసుమమ్మ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కసారి చెప్పడానికి నోరు రాలేదా అని అడిగేశాను. పెద్దావిడని అలా అడిగినందుకు ఇప్పటికీ నాకు బాధ లేదు.

"ఏటేటా సెబుదామనే అనుకున్నాను," అంది. "ఏటేటా బయ్యమేసింది. ఉద్యోగం పోతే మా ఇంట్లో పొయ్యి ఎలగదు. పోనుపోను ఆ బయ్యం కూడా పోనాది. అలవాటైపోనాది."

ఆవిడ రిటైర్మెంటుకి ఏడు నెలలు మిగిలాయి. నా కోపం చల్లారాక నేనే ఒక దారి చెప్పాను. రిజిస్టరు చూపించి ఆధార్ తప్పని చెబుదాం, ఆ పాత కాగితం ఊసే ఎత్తొద్దు అన్నాను. తల అడ్డంగా ఊపింది. గురమ్మ వాళ్లు బడిలో కాగితం తీయిస్తారు, దాని మీద నా సంతకమే ఉంటాది, ఒకే చేత్తో రెండు తేదీలు రాసినదాన్ని ఎవరు నమ్ముతారు, ముందు అబద్ధం నాదని ఒప్పుకుంటేనే ఈ నిజం నిలబడతాది అంది. అప్పటికప్పుడు కూర్చుని తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసింది. పది వరసలు కూడా లేదు.

అది తీసుకుని ఇద్దరం మండలం ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరుగారు చదివి చాలాసేపు తిట్టాడు. పెళ్లి ఆపమని పైవాళ్లకి ఫోను చేశాడు. నీకు మెమో వస్తుంది, విచారణ తేలేదాకా పెన్షను మీద ఆశ పెట్టుకోకు అన్నాడు. కుసుమమ్మ వరండాలో బెంచీ మీద కూలబడి, నా సీసాలో నీళ్లు సగం తాగి, గురమ్మ ఇంటికి పోదాం పద అంది. ఇంకొకరి నోట వినకూడదు వాళ్లు, అంది.

పేట ఇసకలో నా స్కూటీ దిగబడుతుంది, రోడ్డు మీదే ఆపి నడిచే వెళ్లాం. మధ్యాహ్నం మూడు దాటింది. గురమ్మ గుమ్మంలో గంప కడుగుతోంది, నీలవేణి పక్కన నిలబడి నీళ్లు పోస్తోంది. కుసుమమ్మ నిలబడే చెప్పింది. పెళ్లి జరగదని, ఎందుకు జరగదో, ఎవరి వల్ల ఇంతదాకా వచ్చిందో, ఏదీ దాచలేదు.

"నువ్వే రాసినావు, ఇప్పుడు నువ్వే సెరిపేస్తావేటి?" గురమ్మ గంప విసిరి కొట్టింది. "నా అన్నకి ఏటి సెప్పమంటావు? పందిరి కూడా ఏసేసినారు."

"నాదే తప్పని సెప్పు గురమ్మా. నన్ను పంపు, నానే సెప్తాను."

గురమ్మ ఇంకా చాలా అంది. ఆ మాటలన్నీ కుసుమమ్మ పడింది. నీలవేణి మాత్రం పెళ్లి ఊసెత్తలేదు. చెంబు కింద పెట్టి కుసుమమ్మ ముందుకొచ్చింది.

"పదో తరగతి పరీక్షలప్పుడు నాకెన్నేళ్లమ్మా?"

"పదమూడు."

"నా పక్కన కూకున్నోలకి?"

"పదిహేను."

వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. రొయ్యల ఉప్పునీళ్లకి పగిలిన వేళ్లు అవి.

"మూడు మార్కులకి తప్పినాను," అంది. "అయితే నాను మొద్దుని కాను," అంది. అడగలేదు, చెప్పింది.

"కాదమ్మా. ఏనాడూ కావు." కుసుమమ్మ చెయ్యి పట్టుకోబోయింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకు సెప్తే సాలదు. లెక్కల మాస్టారు ఇంకా ఆ బళ్లోనే ఉన్నాడు. నన్ను నిలబెట్టిన గదిలోనే నిలబడి, పిల్లలందరి ముందరా సెప్పు."

కుసుమమ్మ నా వైపు చూసింది. హైస్కూలు ఊరికి ఆ చివర, కిలోమీటరు పైనే ఇసక. ఆవిడ గోడ పట్టుకుని, సర్లేమ్మా, నడు, అంది.

గురమ్మ పడిపోయిన గంప తీసి బోర్లించింది. మా ఎవరి మొహమూ చూడకుండా, "బడి ఒదిలేస్తారు, బేగెల్లండి," అంది.

నీలవేణి అప్పటికే ముందు నడుస్తోంది. మా కోసం ఆగలేదు. కుసుమమ్మ నా భుజం మీద బరువంతా వేసి, వీలైనంత తొందరగా అడుగులు వేసింది.