పవరు పీకేసిన స్టీరింగు

సాక్చిలో షేరాటో ఎక్కాను. పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో గోనెసంచి, అందులోంచి ఇనప కడ్డీ ఒకటి పొడుచుకొచ్చి ఉంది. నా నోరు ఊరుకోదు.

"ఏటక్కా, స్టీలు ప్లాంటు మొత్తం పట్టుకెళిపోతన్నావా?"

"నా స్పోర్ట్స్ కారు స్టీరింగు సామాను తమ్ముడూ. పవరు స్టీరింగు పీకేసి ఇది పెడతాను. ఇంక మోటారు సాయం ఉండదు, సేత్తోనే తిప్పాలి."

"అందరూ పవరు పెట్టించుకుంతంటే నువ్వు పీకేత్తన్నావా?"

"పోయినేడు రేసులో మా మరిదిని ఓడించాను. నువ్వేటి గెలిసావు, పవరు స్టీరింగు గెలిసిందన్నాడు. ఆదివారం మళ్ళీ రేసుంది. ఈపాలి ఏటంతాడో సూత్తాను."

"సేతులు పడిపోతాయక్కా."

"పడిపోనీ. ఆడి నోరు కూడా పడిపోద్ది."

బిష్టుపూర్‌లో ఇద్దరం దిగాం. నేను సంచి అందుకోబోతే ఆవిడ తన చిన్న పర్సు నా చేతిలో పెట్టి, సంచి తనే భుజానికెత్తుకుంది. సర్దుకున్నాక పర్సు తీసుకుంటూ, "బరువైందా తమ్ముడూ?" అంది.

ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిన నాకు ఎదురు జవాబొక్కటే ఆస్తి. ఆరోజు మాత్రం ఆవిడకి దారిచ్చి పక్కకి జరిగాను.

ఆ ఆదివారం ఎవరు గెలిచారో తెలీదు. ఎవరి మూటకైనా చెయ్యి చాపేముందు మాత్రం ఇప్పుడు అడుగుతున్నాను.