ఉపవాసపు చెమట అనుకున్నాను

ఊపిరి ఇచ్చి, దాన్ని నిలిపి ఉంచుతున్న దేవునికి స్తోత్రం.

మాది బీజాపూర్ జిల్లా ఆవపల్లి. మా ఆయనకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునే అలవాటూ ఉంది.

పోయిన వేసవిలో ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, పాట మధ్యలోనే ఆయన గోడకు చేరగిలబడ్డారు. చొక్కా తడిసి ముద్దయింది. ఉపవాసానికి షుగర్ పడిపోయిందనుకుని చక్కెర నీళ్లు తాగించాను. చెమట ఆగలేదు.

"ఛాతీల నొస్తుందా?" అని అడిగాను.

"ఏం నొస్తలేదు. ప్రార్థన ఆపకు" అన్నారు.

సంఘమంతా చుట్టూ మోకరించింది. నేను ఆయన తలపై చేయి ఉంచి కళ్లు మూసుకున్నాను. వెంటనే మా ఆడబిడ్డ నా చేయి లాగేసింది.

"ఏంది వదినా, కండ్లు మూసుకుంటివి? మా నాయన గిట్లనే, నొప్పి లేకుండనే చెమటలు పట్టి పోయిండు. ఆయన షుగరే అన్నకొచ్చింది. జీపు పిలువుండ్రి!"

"ఆమెన్ అనకుండ లేస్తరా చెల్లె?" అన్నారాయన నీరసంగా.

"ఆమెన్ జీపుల అందువు, లే!"

బీజాపూర్ చేరేదాకా ఆయన చల్లటి చేతిని పట్టుకునే ఉన్నాను. డాక్టర్ ఈసీజీ చూసి గుండెపోటన్నారు. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి నొప్పే తెలియదట. తండ్రి నుంచి వచ్చిన ముప్పును పొగాకు ఇంకా పెంచిందట.

ఆయన బతికారు. ప్రార్థన ఆపడం అవిశ్వాసమని నేననుకున్నాను. దేవుడు ఆ రోజు ఆడబిడ్డ నోటితోనే జవాబిచ్చాడు.

మొన్న మా అబ్బాయికీ షుగర్ బయటపడింది. వాడి జేబులోనూ గుడాఖు డబ్బీ ఉంది. వాడు దాన్ని ఈరోజే పారేసేలా, ఇది చదువుతున్న మీరు కూడా నాతో కలిసి ప్రార్థించండి.