అమ్మ ఒంట్లో జలతత్వం

మా ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయిన ఎండాకాలంలోనే మా అమ్మ ఒంట్లో నీళ్లు ఎక్కువయ్యాయని తేలింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. మాది మేడ్చల్ పక్కన గౌడవెల్లి. పొలం బోరు ముందే పోయింది, ఆ తర్వాత ఇంటి బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది. వీధి మలుపులోకి ట్యాంకర్ వస్తే బిందెలతో ఉరకాలి. ఉరికేది అమ్మా, నేనూ. నేను కాలేజీకి పోయిన పూట అమ్మ ఒక్కతే. నాయిన తెల్లబట్టల మనిషి. పొలం కొంత ప్లాట్లకు అమ్మినప్పటి నుంచి రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మేడ్చల్ పోయి, హోటల్లో కూర్చుని భూముల ధరలు మాట్లాడేవాడు. బిందె ఎత్తితే చొక్కా నలుగుతుంది కదా.

అమ్మ కాళ్లు వాచాయి. సాయంత్రమయ్యేసరికి మడమ ఎక్కడుందో, పిక్క ఎక్కడుందో తెలిసేది కాదు. మెట్టెలు బిగుసుకుపోతే సబ్బు రాసి తీసింది. ఆమె మంచాన పడుతుందేమోనని నాకు లోపల భయం. డాక్టర్ అన్ని పరీక్షలూ చేయించి, జబ్బేమీ లేదు, విశ్రాంతి కావాలి అన్నాడు. విశ్రాంతి మందుల దుకాణంలో దొరకదు కాబట్టి నాయిన ఆ మాట పట్టించుకోలేదు.

అప్పుడే మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో యోగా శిబిరం పెట్టారు. గాజులరామారం నుంచి స్కూటర్ మీద ఒక గురువుగారు వచ్చేవాడు. హోటల్ దోస్తులంతా చేరారని నాయినా చేరాడు, అమ్మనూ తీసుకుపోయాడు. గురువుగారు అమ్మ నాడి పట్టుకుని, కళ్లు మూసుకుని, ఏదో శ్లోకం చదివి, పంచభూతాల్లో జలతత్వం ప్రకోపించిందన్నాడు. దాన్ని సమం చేయాలంటే ఆసనాలు వేయాలి, శొంఠి కషాయం తాగాలి, పెరుగు మానాలి. అన్నిటికన్నా ముఖ్యం, సమం అయ్యేదాకా తడి తగలకూడదు, నీళ్ల పాత్ర ముట్టకూడదు.

నాయిన పరేషాన్ అయ్యాడు. అమ్మ నీళ్లు ముట్టకపోతే ఇంట్లోకి నీళ్లెలా వస్తాయి? పైగా ఉత్త నాడి చూసి చెబితే నమ్మడం ఆయనకు చేతకాదు. నీళ్ల విషయంలో ఆయన నమ్మేది ఒక్క కొబ్బరికాయనే. మా దగ్గర బోరు వేసేముందు ఒకాయన వచ్చి, అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. కాయ ఎక్కడ నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. ఆయన చూపించిన చోటల్లా మాకు దుమ్మే వచ్చింది. అయినా నాయిన నమ్మకం వీసమెత్తు తగ్గలేదు. ఆయన్నే పిలిపించి, ఈసారి పొలంలో కాదు, ఇంట్లో చూడమన్నాడు.

కొబ్బరికాయ ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. అమ్మ వంటింటి గడప దగ్గర కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ ఆమె ముందుకు రాగానే అరచేతిలో కాయ లేచి నిలబడింది. నాయిన మొహం పాలిపోయింది. ఇదేదో గడప కింది ఊట కావచ్చని అనుమానమొచ్చి, అమ్మను కుర్చీతో సహా వాకిట్లోకి మార్పించాడు. కాయ అక్కడా లేచింది. గొడ్ల కొట్టంలో కూర్చోబెట్టారు, అక్కడా లేచింది. ఇంటి చుట్టూ నేనొకవైపు, నాయినొకవైపు కుర్చీ పట్టుకుని మోశాం. అమ్మ చిక్కుడుకాయల గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఊరేగింపులో పెళ్లికూతురిలా తలవంచుకుని కూర్చుంది. నాకు నవ్వు రావాల్సింది. కోపమొచ్చింది. వాచిన కాళ్లు ఎదురుగా కనబడుతుంటే కాయను అడగడమేమిటి?

"భూమిల లెవ్వు పటేలా, నీళ్లన్నీ అమ్మ దగ్గర్నే ఉన్నయ్" అని తేల్చి ఆయన వెళ్లిపోయాడు.

ఇక నాయినకు తిరుగులేని రుజువు దొరికింది. మర్నాటి నుంచి ట్యాంకర్ దగ్గర బిందెతో మా నాయినే నిలబడ్డాడు. మొదట ఇస్త్రీ చొక్కాతోనే వెళ్లి, మోకాళ్ల దాకా తడిసి తిరిగొచ్చాడు. ఆడవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు, తర్వాత నవ్వారు. ఇంట్లో జాగ్రత్తలు హద్దు దాటాయి. అంట్లు నేను తోమాను. అమ్మకు మంచినీళ్లు కూడా నాయినే చిన్న గ్లాసులో కొలిచి ఇచ్చేవాడు. శామీర్‌పేటలో పెళ్లికి పోతూ, చెరువు చూస్తే తత్వం మళ్లీ ఎగదన్నుతుందని ఆటోలో ఆ వైపు దుప్పటి కట్టించాడు. ఆ ఏడు చెరువులో బర్రెలు మేస్తున్నాయి.

అమ్మ దేనికీ అడ్డు చెప్పలేదు. కషాయం తాగింది, ఆసనాలు వేసింది, మధ్యాహ్నం కాళ్లు దిండు మీద పెట్టుకుని పడుకుంది. నాకు తెలిసి ఆమె పగలు పడుకోవడం అదే మొదలు. మెల్లగా వాపు దిగింది. మెట్టెలు మళ్లీ పెట్టుకుంది. గురువుగారు నాడి చూసి, తత్వాలు సమానమయ్యాయని, ఇక అన్ని పనులూ చేసుకోవచ్చని ప్రకటించాడు.

ఆ సాయంత్రమే నాయిన ఖాళీ బిందెలు తెచ్చి అమ్మ ముందు వరసగా పెట్టాడు. మస్తు సంతోషంగా ఉన్నాడు. ఇక రేపటి నుంచి ఎప్పటిలాగే తెచ్చుకోవచ్చన్నాడు. అమ్మ బిందెలను ముట్టుకోలేదు.

"నా ఒంట్ల ఏ నీళ్లు ఎక్కువైనయో, ఏవి తక్కువైనయో నాకు తెల్వది. మోసుడు బందైంది, కాళ్లు తగ్గినయ్. గంతే" అంది.

నాయిన అర్థం కానట్టు చూశాడు. "గా ముచ్చట ముందుగాల్నే చెప్తే అయిపోవు గదా" అన్నాడు.

అమ్మ గొంతు పెంచలేదు. "పెండ్లైన కాడికెల్లి చెప్తనే ఉన్న. గాయన శ్లోకం సదివి, గా కొబ్బరికాయ లేస్తే ఇన్నవ్."